చెక్క పెప్పర్ మిల్లు సెట్టు కొనేవాళ్లకు హెచ్చరిక: చూపించే పీసు వేరు, డబ్బాలో ఇచ్చేది వేరు

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. పండగల ముందు కల్యాణ మండపాల్లో, అపార్ట్‌మెంట్ల క్లబ్ హౌసుల్లో హస్తకళల స్టాళ్లు పెడుతుంటారు కదా. వాటిలో మిరియాలకొకటి, మసాలాకొకటి, కాఫీ గింజలకొకటి అంటూ చెక్క గ్రైండర్లు మూడు కలిపి సెట్టుగా అమ్ముతుంటే, మీకిచ్చే డబ్బాని అక్కడే తెరిపించండి. లోపల గింజల్ని నలిపే పళ్లు కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వండి.

నేను కొన్నది జయనగర్‌లో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌లో. సెట్టు ధర 4,200 రూపాయలు. చన్నపట్న పనితనమనీ, రోజ్‌వుడ్ అనీ, లోపల కార్బన్ స్టీలనీ, పిల్లల తరానికి కూడా పనికొస్తుందనీ చెప్పారు. నా యాస పట్టేసి "మేమూ తెలుగువాళ్లమే అక్కా, మన వాళ్లకని రేటు తగ్గిస్తున్నాం" అన్నారు. టేబుల్ మీదున్న మిల్లులో మిరియాలు పోసి తిప్పి చూపిస్తే పొడి సన్నగా, ఘాటుగా రాలింది. ఆ మిల్లు నిజంగానే బాగుంది. ఇంటికిచ్చింది మాత్రం సీలు వేసిన డబ్బా. తెరవమంటే "గిఫ్ట్ ప్యాకింగ్ అక్కా, పాడవుతుంది, లోపల సేమ్ పీసే" అన్నారు. మోసమంతా ఆ "సేమ్ పీసే" దగ్గరే ఉంది.

ఇంట్లో మొదటి నుంచీ మిరియాలు నలగకుండా జారిపోయేవి. కొత్త కదా, పళ్లు సర్దుకుంటాయనుకున్నాం. ఒకరోజు కట్టె పొంగలి మీద తిప్పితే నల్లటి పొడి మధ్యలో ఏదో తళుక్కుమంది. వేలికి అంటించుకుని వెలుతురులో చూస్తే వెండి రంగు పొర, గోటితో నొక్కితే మడత పడేంత పల్చన. ఆ పళ్లెం మా అత్తయ్యగారి ముందు పెట్టబోతున్నది. వెంటనే తీసేసి మిల్లు విప్పాను. పైన గుండీ తిప్పితే మూత ఊడుతుంది, అడుగున రెండు స్క్రూలు. స్టీలన్న పళ్ల చక్రం అసలు ప్లాస్టిక్! పళ్ల అంచుల్లో లోహపు పూత లేచిపోయి కింద తెల్లగా కనిపిస్తోంది. ఆ పూతే ఇన్నాళ్లూ మా చారులో, పెసరట్టులో పడుతూ వచ్చింది. తిండిలోకి వెళ్లే వస్తువు విషయంలో ఇలా చేసినవాళ్లను క్షమించడం నావల్ల కాదు.

మిల్లుకు ప్రాణం చెక్కలో ఉండదు, పళ్లలో ఉంటుంది. పైనున్న పెద్ద గాడులు గింజను పట్టి పగలగొట్టాలి, కిందున్న సన్నటి పళ్లు దాన్ని పొడి చేయాలి. ఫ్రాన్సులో ప్యూజో కంపెనీవాళ్లు 1874లో పెప్పర్ మిల్లు చేసినప్పటి నుంచీ సూత్రం ఇదే. ఆ పళ్లు గట్టిపరచిన స్టీలైనా కావాలి, సిరామిక్ అయినా కావాలి. కార్బన్ స్టీలైతే మిరియాలకు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఉప్పు తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పుకు సిరామిక్కే మేలు. మా స్టాలు మనిషి "కార్బన్ స్టీలక్కా, రాళ్ల ఉప్పు కూడా వేసుకోవచ్చు" అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం ఒకటి పర్సులో ఉంచుకోండి. కార్బన్ స్టీలుకు అది అంటుకుని తీరాలి. స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలకు అంటదు, సిరామిక్‌కు అసలు అంటదు. కాబట్టి అంటకపోయినంత మాత్రాన చెడ్డదని కాదు. కార్బన్ స్టీలని చెప్పి అంటకపోతే మాత్రం అబద్ధమే.

మసాలా మిల్లు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, లోపల అదే చక్రం. ధనియాలు, జీలకర్ర వరకూ ఏ మిల్లయినా నలుపుతుంది. పసుపు కొమ్ము, శొంఠి కూడా పడతాయని ఎవరన్నా నమ్మకండి.

కాఫీ గ్రైండర్ ఇంకా ఘోరం. డికాషన్ బాగా దిగాలంటే పొడి అంతా ఒకే తీరుగా ఉండాలి. మరీ మెత్తనిది ఎక్కువైతే ఫిల్టర్ కన్నాలు మూసుకుపోతాయి, పలుకులు ఎక్కువైతే నీళ్లలా దిగిపోతుంది. దీనిలో రెండూ కలిసి వస్తున్నాయి. కారణం నడిమి కడ్డీ. మంచి గ్రైండర్లో ఆ కడ్డీని పైనా కిందా పట్టి ఉంచుతారు, అటూ ఇటూ ఊగదు. మాకిచ్చినదానిలో కింద ఏ పట్టూ లేదు. హ్యాండిల్ పట్టుకుని పక్కకు కదిపితే పళ్ల చక్రం మొత్తం పక్కకు జరుగుతోంది. ఒకవైపు సందు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ, ఇక పొడి సమంగా ఎలా వస్తుంది? ఈ ఊళ్లో ఏ పేటకెళ్లినా పీబరీ గింజలు కళ్లముందే వేయించి, పొడి పట్టి ఇచ్చే కొట్టు దొరుకుతుంది. ఇలాంటి గ్రైండర్ కొనడం కన్నా వారానికి సరిపడా అక్కడ పట్టించుకోవడమే నయం.

చెక్క సంగతి కూడా చెప్పాలి. బయటంతా ముదురు ఎరుపు. గింజలు పోసే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి, లోపలి గోడకు ఎవరూ రంగు పూయరు. మా మిల్లు లోపల తెల్లగా, పాలిపోయి ఉంది. అది రోజ్‌వుడ్ కాదు, ఏదో తక్కువరకం చెక్కకు రంగేశారు. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. చన్నపట్న పనితనమంటే లక్కపని, అది అలా ఉండదు. తిరుగుతున్న చెక్కకు లక్క కర్రను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. చల్లని తడిగుడ్డకు ఆ రంగు వదలదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద చేసేదీ, చన్నపట్నలో కన్నడంలో ఆలె మర అని పిలిచే అదే చెక్క మీద చేసేదీ ఈ పనే. చన్నపట్నకు భౌగోళిక గుర్తింపు ఉందని స్టాలువాళ్లు ఫ్లెక్సీ మీద వేశారు. ఉన్న మాట నిజమే, కానీ అది అక్కడి బొమ్మలకు. ఆ ఊరి పేరు తగిలించిన ప్రతి పెప్పర్ మిల్లుకూ అది వర్తించదు. మైసూరు రోడ్డులో సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే చన్నపట్న వస్తుంది. అక్కడ చెక్కను తిప్పే యంత్రం దగ్గర కూర్చుని ఒళ్లంతా పొట్టుతో పనిచేసేవాళ్ల పేరు ఇలా పోగొడుతుంటే కడుపు మండుతోంది.

ఫోన్ చేస్తే మొదట "చేత్తో చేసినవి కదా అక్కా, అలాగే ఉంటాయి" అన్నారు. తర్వాత "చేతిపని వస్తువులకు రిటర్న్ లేదు" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. చేతిపని అయితే చట్టం వర్తించదని ఎక్కడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనని మొండికేయడం కూడా అంతే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులని చట్టమే చెబుతోంది. చిన్న వ్యాపారికి జీఎస్టీ నంబర్ లేకపోవచ్చు, అది తప్పు కాదు. పేరు, చిరునామా, తేదీ, వస్తువు వివరం ఉన్న బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. అందులో "కార్బన్ స్టీల్", "రోజ్‌వుడ్" అని రాయించండి. నిజంగా మంచి సరుకు అమ్మేవాడు అలా రాయడానికి వెనకాడడు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కట్టక్కర్లేదు. ఇలాంటి సెట్టు ఇప్పటికే కొన్నవాళ్లుంటే వాడటం ఆపి, విప్పి చూడండి. పూత లేచి ఉంటే పారేయకండి. పళ్ల ఫోటోలు దగ్గరగా తీసి, బిల్లు, యూపీఐ స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి. అందరం ఎవరి ఫిర్యాదు వాళ్లమే ఇద్దాం, కానీ ఒకే వారంలో ఇద్దాం.