డాలియా పుట్టింటికి వెళ్లొచ్చాం

మా అక్క హైదరాబాద్‌లో మేడ మీద పదిహేనేళ్లుగా డాలియాలు పెంచుతోంది. ఏటా నవంబరులో నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి కుండీల్లో పెడుతుంది. ఫిబ్రవరి దాకా పళ్లెమంత పూలు. ఎండలు ముదిరాక దుంపలు కుళ్లిపోతాయి, మళ్లీ నవంబరులో కొత్తవి కొంటుంది. పోయిన ఏడాది అక్టోబరులో డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, "ఈ పువ్వు అడవిలో ఎలా ఉంటుందే?" అని అడిగింది. ఆ ఒక్క మాట మీద మెక్సికోకు టికెట్లు కొన్నాం. ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ గడువున్న అమెరికా వీసా ఉంది కాబట్టి వేరే వీసా అక్కర్లేకపోయింది.

అడవి డాలియాలు 40 జాతులకు పైనే ఉన్నాయి. దాదాపు అన్నీ మెక్సికో కొండల్లోవే. కొన్ని మాత్రం గ్వాటెమాలా దాటి, ఒకటి రెండు కొలంబియా దాకా వెళ్తాయి. 1969లో పాల్ సోరెన్సెన్ అనే వృక్షశాస్త్రవేత్త వీటిని నాలుగు విభాగాలుగా సర్దాడు. చెట్టంత ఎత్తు పెరిగేవి ఒకటి, పెద్ద చెట్లను పట్టుకుని పాకే ఒకే ఒక్క జాతి కోసం ఒకటి, సన్నగా చీలిన ఆకులతో మొదలు గట్టిపడే చిన్న పొదలు ఒకటి, మన తోట డాలియాకు దగ్గరి చుట్టాలన్నీ నాలుగోది. తొమ్మిది రోజుల్లో ఎన్ని విభాగాలు చూడగలమన్నదే మా లెక్క.

మెక్సికో సిటీలో మొదటి రెండు రాత్రులు నడిబొడ్డున, పాత బస్తీలో దిగాం. చారిత్రక కట్టడాలు చూడాలనుకునేవాళ్లకు మంచిదే కానీ, అర్ధరాత్రి దాటినా కింద వీధిలో పాటలు ఆగవు. ఆ నగరం 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రోజు మెట్లెక్కితేనే అక్కకు ఆయాసం వచ్చింది, నాకు తలనొప్పి. నిద్ర కూడా లేకపోతే మరీ కష్టం. మూడో రోజు కొయొవకాన్ వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాం. వంటగది వాడుకోనిచ్చారు, అక్క తెచ్చిన ఆవకాయతో అన్నం తిన్నాం, కంటినిండా నిద్రపోయాం. డాలియాల కోసం వెళ్లేవాళ్లు నేరుగా అక్కడే దిగండి. జాతీయ విశ్వవిద్యాలయం పక్కనే.

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఆ క్యాంపస్సే. సుమారు 1,700 ఏళ్ల కిందట షిట్లే అనే చిన్న అగ్నిపర్వతం పేలి పారిన లావా అక్కడ గడ్డకట్టి నల్లటి రాతినేల అయింది. దాని మీదే యూనివర్సిటీ కట్టారు. మిగిలిన రాతినేలలో కొంత భాగాన్ని 1983 నుంచి రిజర్వుగా కాపాడుతున్నారు. లోపలి భాగంలోకి మనల్ని రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం. బొటానికల్ గార్డెన్ దారుల్లో, 64 కాంక్రీటు దిమ్మలతో గుండ్రంగా కట్టిన శిల్పస్థలం చుట్టుపక్కల నడిస్తే చాలు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లాం, జనం లేరు.

రాతి పగుళ్లలో, చారెడు మట్టి కూడా లేని చోట, సన్నటి కాడ మీద ఎర్రటి పువ్వు. ఎనిమిది రేకులు, మధ్యలో పసుపు బొట్టు. డాలియా కొక్సీనియా, మన తోట డాలియాకు దగ్గరి చుట్టమైన నాలుగో విభాగంలోది. అక్క వంగి చాలాసేపు చూసింది. "ఇదేనా? ఇంత చిన్నదా?" అంది. కాసేపటికి పగులు వైపు చూపించి, "దీనికి నీళ్లు నిలవవు చూడు, అందుకే దుంప కుళ్లదు" అంది. వర్షాకాలం మొదట్లో, జూన్‌లో మొలకెత్తి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూసి, చలికాలంలో పైమొక్క ఎండిపోతే దుంప పొడినేలలో నిద్రపోతుంది. పెరిగే కాలమంతా కొండగాలి చల్లదనం ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ చల్లదనం చలికాలంలోనే దొరుకుతుంది కాబట్టి మనం తలకిందులుగా నవంబరులో పెడుతున్నాం. మేము చూసేసరికి సీజన్ చివరికొచ్చింది, సగం మొక్కలు గింజ పట్టాయి. సెప్టెంబరు అయితే ఇంకా బాగుండేది.

ఈ పువ్వు పేరు వెనక ఉన్న కథ తెలిశాక ఆ రాళ్ల మధ్య నడక వేరేగా అనిపిస్తుంది. 1789లో మెక్సికో నుంచి విత్తనాలు మాడ్రిడ్ రాజోద్యానానికి వెళ్లాయి. 1791లో అక్కడి వృక్షశాస్త్రవేత్త కవానిల్యెస్, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు ఆండర్స్ డాల్ పేరు మీద దీనికి డాలియా అని పేరు పెట్టాడు. కవానిల్యెస్ డాలియా పిన్నాటా అని వర్ణించినది అప్పటికే రేకులు పెరిగిన తోటమొక్క. అడవిలోని అసలు బంధువుకు సోరెన్సెనీ అని సొంత పేరు దక్కింది 1996లో! తోటపిల్లకు ముందు బారసాల చేసి, తల్లికి రెండు వందల ఏళ్ల తర్వాత చేసినట్టుంది. అంతకు ముందే మెక్సికో స్థానికుల నావా భాషలో దీనికి అకోకోటి అని పేరుంది. నీటి గొట్టం అని అర్థం, కాడ బోలుగా ఉంటుంది కదా మరి.

ఆ మర్నాడు మాత్రం డబ్బు వృథా. ఆన్‌లైన్‌లో 'అడవి డాలియాల టూర్, నిపుణుడైన గైడ్' అని చూసి ముందే డబ్బు కట్టాం. రెండు గంటలు కారులో తిప్పి ఒక నర్సరీకి తీసుకెళ్లారు. అక్కడున్నవన్నీ అక్క మేడ మీద ఉండే రకాలే. నాకు కోపం, వాపసు ఇస్తారో లేదోనని టెన్షన్. ఇవ్వలేదు. ఏ జాతి, ఏ ఎత్తులో చూపిస్తారు అని ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

మెక్సికో సిటీ నుంచి దక్షిణాన ఉన్న వహాకా నగరానికి బస్సులో ఏడు గంటలు. సీట్లు వెనక్కి బాగా వాలతాయి, ఏసీ మాత్రం ఎముకలు కొరుకుతుంది, శాలువా తప్పనిసరి. వహాకా సంతలో అడుగుపెట్టేసరికి అంతటా బంతిపూల రాశులు! నవంబరు మొదట్లో పితృదేవతల పండగకు వాళ్లు వాడేది మన బతుకమ్మలో పేర్చే బంతే, దాని పుట్టిల్లు కూడా మెక్సికోనే. అక్క ఆ రాశుల దగ్గర నిలబడి ఫోన్‌లో మా అమ్మకు వీడియో చూపించింది.

అక్కడి నుంచి షేర్ వ్యాన్‌లో ఘాట్ రోడ్డెక్కి కువాహిమొలొయాస్ అనే కొండ ఊరు చేరాం. దాదాపు 3,200 మీటర్లు. చుట్టుపక్కల 8 ఊళ్లు కలిసి ఆ అడవిని, పర్యాటకుల కాటేజీలను ఉమ్మడిగా నడుపుకుంటాయి. గది చిన్నది, శుభ్రం. కట్టెల పొయ్యి వెలిగించి ఇస్తారు, అది తెల్లవారుజామున ఆరిపోతుంది, అదనంగా కట్టెలు అడిగి పెట్టుకోండి. వేడినీళ్లు కొంచెం ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. ఊరి గైడ్ లేకుండా నడవనివ్వరు. ఆ రుసుము నాకు భారమనిపించలేదు, మాకొచ్చిన పెద్దాయనకు ప్రతి మొక్కా తెలుసు. శాకాహారులు తలాయుదా (అక్కడి పెద్ద మొక్కజొన్న రొట్టె) అడిగేటప్పుడు 'సిన్ అసియెంతో' అనాలి, లేకపోతే పందికొవ్వు రాస్తారు. బీన్స్‌కు 'సిన్ మంతేకా' (కొవ్వు లేకుండా) అని అడగండి.

లాతూవి అనే ఊరి వైపు దిగుతుంటే ఒక మలుపులో గైడ్ పెద్దాయన తల పైకెత్తమని సైగ చేశాడు. నా కంటే రెండింతలు ఎత్తున వెదురులాంటి కాడలు, చివర్న గంటల్లా వంగిన లేత ఊదా పూలు. చెట్టు డాలియా, ఇంపీరియాలిస్. ఇంకా మొగ్గలే ఎక్కువ, నిండుగా పూసేది నవంబరులోనట. పడిపోయిన పాత కాడ ఒకటి తీసి, కణుపుల మధ్య బోలు చూపించాడు. అకోకోటి అంటే ఏమిటో అప్పుడు చేతికి తెలిసింది. అక్క ఆ కాడను చేతుల్లోంచి వదల్లేదు, నేనూ తొందరపెట్టలేదు. దుంప గానీ గింజ గానీ తేలేదు. అక్కడివి అక్కడే ఉండాలి, పైగా విమానాశ్రయంలో ఒప్పుకోరు కూడా.

నాలుగు రోజులే ఉంటే మెక్సికో సిటీ లావా నేల ఒక్కటి చాలు, ఖర్చు దాదాపు లేదు. వారం ఉంటే వహాకా కొండలు వదలకండి, కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. మేము రెండు విభాగాలే చూశాం. చెట్ల మీద పాకే మెక్‌డూగలీ వహాకా మేఘారణ్యాల్లోనిదే అయినా మాకు కనబడలేదు. చీలిన ఆకుల చిన్న పొదలు ఇడాల్గో రాష్ట్రం వైపు కొండరాళ్ల మీద ఉంటాయి. ఈసారి సెప్టెంబరులో అక్క వీసా గడువు ముగిసేలోపు అటు వెళ్లాలని ఇప్పటికే డబ్బు పక్కన పెడుతున్నాం.