ఎనిమిది వేసవులు నడిపిన రైడింగ్ మోవర్: పెడల్ ఇష్టం, డ్రైవ్ బెల్టు మీద కోపం

అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. ఎకరం పావు స్థలం, ఇంటి వెనకంతా ఏటవాలు. వేసింది బెర్ముడా గడ్డి, ఎండలు ముదిరాక వారం వదిలేస్తే చేతికి అందదు. అందుకే మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే ఈ బండి కొన్నాం. ఇంజన్ ఎంత, డెక్ (కింద బ్లేడ్లుండే రేకు పెట్టె) ఎన్ని అంగుళాలు అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు, వాటి జోలికి పోను.

కొన్న కొత్తలో ఎవరు అడిగినా పెడల్ గురించే చెప్పేవాణ్ణి. ట్రాన్స్‌మిషన్ హైడ్రోస్టాటిక్, అంటే లోపలి పంపు తోసే ఆయిల్ ఒత్తిడితోనే చక్రాలు తిరుగుతాయి కాబట్టి గేర్లు మార్చే పని లేదు. ఎంత తొక్కితే అంత వేగం, చెట్టు మొదట్లో అంగుళం అంగుళం జరపొచ్చు. ఆ సుఖం ఇప్పటికీ ఉంది. నా మాట విని ఇద్దరు స్నేహితులు ఇదే కొన్నారు.

ఐదో వేసవి, జూన్. వాలు సగం ఎక్కాక బండి ఆగిపోయింది. ఇంజన్ బాగానే ఉంది, కింద బ్లేడ్లు తిరుగుతున్నాయి. పెడల్ చివరిదాకా తొక్కినా ముందుకి పోకపోగా మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. గుండె ఆగినంత పనైంది. బ్రేకు వేసి ఇంజన్ ఆపి దిగాను. వెనకున్న బైపాస్ రాడ్ (బండిని చేత్తో నెట్టడానికి ట్రాన్స్‌మిషన్ పట్టు వదిలించేది) ఎవరైనా లాగారేమో చూశాను, అదీ కాదు. సర్వీస్ షాపుకి ఫోన్ చేస్తే బండి చూడకుండానే ట్రాన్స్‌మిషన్ పోయిందన్నారు. కూలీతో కలిపి 1,200 డాలర్లట.

ఆ రాత్రి మా బావమరిదితో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. తెనాలి దగ్గర పిండిమర నడుపుతాడు, బెల్టులతోనే అతని బతుకు. "ముందు ఒకటి చెప్పు బావా. బండి ఆగినప్పుడు గేర్‌బాక్స్ మీద పుల్లీ తిరుగుతోందా, అదీ ఆగిపోతోందా?" అన్నాడు. నాకు తట్టని ప్రశ్న. మర్నాడు బ్లేడ్లు ఆపేసి, ట్రాన్స్‌మిషన్ పైనున్న ఫ్యాన్ కనబడేలా ఫోన్‌ని వెనక ఫెండర్‌కి టేపుతో బిగించి, వీడియో పెట్టి వాలు అడుగున కొంచెం ఎక్కించి చూశాను. పెడల్ తొక్కగానే ఫ్యాన్ నీరసించి ఆగిపోతోంది. దాని కింద పుల్లీ ఉంది, రెండూ కలిసే తిరగాలి. అంటే ఇంజన్ బలం ట్రాన్స్‌మిషన్ దాకా చేరడమే లేదు, దాన్ని మోసుకెళ్లే డ్రైవ్ బెల్టు మధ్యలో జారిపోతోంది. ఆ 1,200 డాలర్లు కట్టి ఉంటే బాగున్న దాన్ని తీసి పారేసేవాణ్ణి.

నా కోపమంతా బెల్టు మార్చే పని మీదే. ముందు డెక్ మొత్తం కిందికి దించాలి. ఇంజన్ కింద బ్లేడ్ క్లచ్ వైరు ఊడదీసి, దాని చుట్టూ బెల్టుని తిప్పి లాగాలి. వెనక ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ దాటించాలి. దారి పొడవునా బెల్టు తప్పకుండా పెట్టిన కమ్మీలు, ఒక్క కమ్మీకి అవతలి పక్కనుంచి పోయినా మళ్లీ మొదటికే. శనివారం పొద్దున మొదలుపెడితే చీకటి పడింది. తరచూ అరిగే వస్తువుని అంత లోపల పెట్టడం నాకు మింగుడుపడదు. పాత బెల్టు పక్కలు జారి జారి అద్దంలా మెరుస్తున్నాయి.

మూడు వారాలకి మళ్లీ అదే జబ్బు! తప్పు నాదే. చవగ్గా వస్తోందని అదే కొలత కార్ల బెల్టు వేశాను. ఇక్కడ ఐడ్లర్ పుల్లీ (బెల్టుని బిగువుగా ఉంచే చక్రం) బెల్టు వీపు మీద నొక్కుతుంది, ఆ వంపుకి తట్టుకునే అరామిడ్ అనే గట్టి దారాల బెల్టే కావాలి. అంతకంటే పెద్ద సంగతి, ఐడ్లర్ చేయి తిరిగే చోట గడ్డి రసం, తుప్పు కలిసి బిగుసుకుపోయింది. స్ప్రింగ్ లాగుతున్నా చేయి కదలదు, బెల్టుకి టెన్షన్ రాదు. మొదటి బెల్టుని తినేసింది కూడా ఇదే. విప్పి తుప్పు గీకి గ్రీజు పెట్టాను, బేరింగ్ గరగరలాడుతుంటే పుల్లీ మార్చాను. కంపెనీ బెల్టు వేశాను. అది మూడేళ్లుగా చెక్కుచెదరలేదు.

అయితే పెడల్ గురించి అప్పట్లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. ఈ వేసవిలో ముప్పావు గంట నడిచాక వాలు మీద బలం తగ్గుతోంది. మళ్లీ వీడియో తీశాను. ఈసారి ఫ్యాన్ జోరుగానే తిరుగుతోంది, చక్రాలే నీరసంగా ఉన్నాయి. చల్లారాక మామూలే. కాబట్టి ఇది ట్రాన్స్‌మిషనే: అరిగిన పంపులో ఆయిల్ వేడికి పలచబడి లోపల్లోపలే కారిపోతోంది. ఆయిల్ మారుద్దామంటే నా మోడల్‌కి కింద డ్రెయిన్ ప్లగ్గే లేదు, మొత్తం ఊడదీసి తలకిందులు చేయాలి. ఆ పని చలికాలానికి పెట్టుకున్నాను.

చదును నేల, అరెకరం లోపు ఉన్నవాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు. నాలా వాలు ఉండి, పైగా నాలా తొంభై కిలోల మనిషైతే ఇంకొంచెం డబ్బు పెట్టి, ఆయిల్ మార్చుకునే వీలున్న పెద్ద ట్రాన్స్‌మిషన్ ఉన్న బండి చూసుకోండి. నేనైతే దీన్ని ఇప్పుడే మార్చను. ట్రాన్స్‌మిషన్ మీద పేరుకున్న గడ్డి ప్రతిసారీ దులుపుతున్నాను. చల్లగా ఉన్నప్పుడే వాలు కోసేసి, ముందరి చదును చివరికి ఉంచుకుంటున్నాను.