వైన్ రివ్యూ: పాత్ ఇవ్వడం వస్తే సగం తలనొప్పి పోయినట్టే

లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడపడానికి చాలా కాలంగా వైన్ వాడుతున్నాను. ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్, 1993లో మొదలుపెడితే 1.0 వెర్షన్ వచ్చేసరికి 2008 అయింది. గేములు, స్పీడు గురించి అందరూ రాస్తారు గానీ నాకు ఇందులో బాగా నచ్చింది ఫైల్ పాత్‌ల విషయం, అంటే ఫైలు ఎక్కడుందో చెప్పే అడ్రస్.

హోమ్‌లో డాట్ వైన్ అని దాచిన ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో డాస్‌డివైసెస్ తెరిచి చూడండి, సీ కోలన్, జెడ్ కోలన్ అని సిమ్‌లింకులు (వేరే ఫోల్డర్‌కి దారి చూపే షార్ట్‌కట్ లాంటివి) కనిపిస్తాయి. డ్రైవ్‌లంటే అవే! సీ వెళ్లి డ్రైవ్ అండర్‌స్కోర్ సీ ఫోల్డర్‌కి కలుస్తుంది, జెడ్ నేరుగా రూట్‌కి, అంటే లైనక్స్‌లో అన్నిటికంటే పై ఫోల్డర్‌కి. ఎంత సింపుల్‌గా చేశారో చూడండి. ఇంకో డ్రైవ్ కావాలంటే వైన్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్ వైన్‌సీఎఫ్‌జీలో పెట్టుకోవచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది బ్యాక్‌స్లాష్ దగ్గర, అది వైన్ తప్పు కాదండీ, కోట్స్ లేకుండా విండోస్ పాత్ కొడితే బాష్ (మనం కమాండ్లు కొట్టే షెల్) ఆ బ్యాక్‌స్లాష్‌లన్నీ తినేసి మిగిలింది వైన్‌కి ఇస్తుంది, ఇంక ఫైలు ఎక్కడ దొరుకుతుంది. సింగిల్ కోట్స్‌లో పెట్టండి చాలు, ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి పేర్లలో స్పేస్ గొడవ కూడా తీరిపోతుంది.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఎగ్జీ (విండోస్ ప్రోగ్రామ్ ఫైల్) ఎక్కడుందో లైనక్స్ పాత్‌తో చెప్పినా వైన్‌కి అర్థమవుతుంది, కానీ ఆ ప్రోగ్రాములో తెరవాల్సిన ఫైల్ పాత్‌ని మాత్రం ఉన్నదున్నట్టు లోపలికి పంపేస్తుంది, మొదట్లో స్లాష్ ఉంటే చాలా విండోస్ ప్రోగ్రాములు దాన్ని ఆప్షన్ అనుకుంటాయి. అందుకే వైన్‌పాత్ అనే చిన్న టూల్ ఇచ్చారు, మైనస్ డబ్ల్యూ పెడితే లైనక్స్ పాత్‌ని విండోస్ పాత్‌గా మార్చిస్తుంది, మైనస్ యూ పెడితే తిరగేస్తుంది. స్క్రిప్టులు రాసేవాళ్లకి ఇది బంగారం. డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రాముకి కావాల్సిన లైబ్రరీ ఫైళ్లు), సెట్టింగ్స్ ఫైళ్లు పక్కనే వెతుక్కునే పాత ప్రోగ్రాములైతే వైన్ స్టార్ట్ స్లాష్ యూనిక్స్ అని కొట్టి పూర్తి పాత్ ఇవ్వండి, ఆ ఫోల్డర్లోంచే నడుపుతుంది, లేదా ముందు ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్ కొట్టి అక్కడికెళ్లి నడపండి.

ఫైలు పేరులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు కలిసిపోయినా వైనే వెతికి పట్టుకుంటుంది, వేల ఫైళ్లున్న ఫోల్డర్లో మాత్రం ఈ వెతుకులాటకి కాస్త టైం పట్టొచ్చు.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. అర ఎందుకు తగ్గించానంటే జెడ్ డ్రైవ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, మీరు చదవగలిగే ఫైళ్లన్నీ ఆ విండోస్ ప్రోగ్రామూ చదవగలదు. ఆ లింక్ తీసేస్తే సేఫ్ అనుకోకండి, వైన్ శాండ్‌బాక్స్ (ప్రోగ్రాముని బయటికి పోనివ్వకుండా కట్టిపెట్టే గది) కాదు, ఎక్కడిదో తెలియని ఎగ్జీ అయితే వేరే యూజర్ అకౌంట్‌లో నడపండి.