డబ్బా మీద 2000 లీటర్లు, బకెట్‌లో 700: చౌక కానిస్టర్ ఫిల్టర్ కొనేవారికి హెచ్చరిక

అయిదడుగులు, అంతకు మించిన అక్వేరియంకు తక్కువ ధరలో ఫిల్టర్ వెతుకుతున్నవారు, ముఖ్యంగా పేరు వినని బ్రాండ్ కానిస్టర్‌ను (ట్యాంకు కింద పెట్టే మూసిన ఫిల్టర్, పైపుతో నీటిని లాగి శుభ్రం చేసి తిరిగి ట్యాంకులోకి పంపుతుంది) డబ్బా మీది అంకె చూసి కొనబోతున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవగలరు. హైదరాబాద్‌లోని మా ఫ్లాట్‌లో ఉన్న ట్యాంకు 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంచుకు రెండంగుళాలు తక్కువగా నింపితే 500 లీటర్లకు కాస్త పైన పడుతుంది. అందులో రెండు ఆస్కార్లు, ఆరు సిల్వర్ డాలర్లు, ఒక సకర్ చేప ఉన్నాయి. ఆస్కార్ ఎంత తింటుందో, నీటిని ఎంత పాడుచేస్తుందో పెంచినవారికి చెప్పనక్కరలేదు.

పేరున్న కంపెనీల కానిస్టర్లు నా బడ్జెట్‌కు అందలేదు. అప్పుడు కొట్టువాడు “సార్, గంటకు 2000 లీటర్లు, మీ ట్యాంకుకు ఇదే ఎక్కువ” అంటూ ఒకటి చూపించాడు. గంటకు ట్యాంకు నీరంతా నాలుగుసార్లు తిరగాలని అందరూ చెప్పే లెక్కకు అది అతికినట్టు సరిపోయింది కాబట్టి 6,500 రూపాయలకు తెచ్చుకున్నాను. డబ్బా మీద వేసే అంకె సాధారణంగా ఖాళీ మోటారుదని, లోపల స్పాంజి, సిరామిక్ రింగులు నింపి, పైపులు వంపులు తిప్పి బిగించాక వచ్చేది వేరని అప్పటికి నాకు తట్టలేదు.

మూడో వారంలో నీరు తేటగానే ఉన్నా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) రంగు ఆకుపచ్చకు తిరిగింది, అంటే అది పెరిగిందన్నమాట. ఎందుకైనా మంచిదని ఫిల్టర్ నుంచి తిరిగి వచ్చే పైపును ట్యాంకు నీటి మట్టం ఎత్తులోనే పట్టుకుని 20 లీటర్ల బకెట్ నింపాను. గంటకు 2000 లీటర్లు నిజమైతే ఆ బకెట్ 36 సెకన్లలో నిండాలి. నాకు పట్టింది నిమిషం నలభై అయిదు సెకన్లు, అంటే గంటకు 700 లీటర్లు కూడా లేదు. మూత తీసి చూస్తే అసలు లోపం ఇంకొకటి కనబడింది. లోపలి బుట్టలకూ కానిస్టర్ గోడకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. నీరు మీడియా (బుట్టల్లోని స్పాంజి, సిరామిక్ రింగులు) గుండా పోకుండా ఆ సందులోంచి పక్కదారిన పోతోంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉండేది మీడియా మీద. అక్కడికి నీరు వెళ్లకపోతే మోటారు ఎంత తోసినా దండగే.

అప్పుడే వెనక్కి ఇచ్చేయవలసింది. బుట్టల చుట్టూ స్పాంజి కుక్కి వాడుకుందామనుకోవడం నా తప్పు.

రెండో నెలలో ఒక తెల్లవారుజామున హాల్లోకి అడుగు పెడితే కాలు నీళ్లలో పడింది. కానిస్టర్ మూత కింది రబ్బరు వాషర్ ఒకచోట నొక్కుకుపోయి, ఆ సందులోంచి రాత్రంతా నీరు కారింది. కానిస్టర్ ట్యాంకు కన్నా కింద ఉంటుంది కనుక, నీరు లాగే పైపు మూతి ఎంత లోతున ఉంటే అంత వరకూ ట్యాంకు ఖాళీ అవుతుంది. మోటారు ఆపినా సైఫన్ (నీరు పైపులోంచి తనంతట తానే కిందికి దిగడం) ఆగదు. నా పైపు దాదాపు ట్యాంకు అడుగు భాగానికి తగిలేలా ఉంది. నేను చూసేసరికి జానెడు నీరు మాత్రమే మిగిలింది. ఆస్కార్లు ఒక పక్కకు ఒరిగి మొప్పలు ఆడిస్తున్నాయి. సిల్వర్ డాలర్లలో రెండు పోయాయి. స్టాండ్ ప్లైవుడ్ ఉబ్బింది, కింది ఫ్లాట్ వారి సీలింగు మీద మరక తేలింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకు ఎత్తుగా కొట్టి ఉండడం ఒక్కటే అదృష్టం. కానిస్టర్ వాడేవారు ఎంత ఖరీదైనదైనా సరే, లాగే పైపును సగం లోతుకు కత్తిరించుకోవలసిందిగా నా మనవి. లీకైనా సగం నీరు మిగులుతుంది.

కొట్టులో అడిగితే “వాషర్ మీరే సరిగ్గా పెట్టి ఉండరు” అన్నారు. కొత్త వాషర్ ఇమ్మంటే “ఇంపోర్టెడ్ మాల్ సార్, స్పేర్లు రావు” అన్నారు. పది రూపాయల రబ్బరు దొరకక 6,500 రూపాయల వస్తువు మూలన పడింది. కాబట్టి ధర అడిగే ముందు వాషర్, ఇంపెల్లర్ (మోటారులో నీటిని తోసే రెక్కల చక్రం) విడిగా అమ్ముతారా అని అడగండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. నా డబ్బా మీద ఎంఆర్‌పీ స్టిక్కర్ తప్ప ఏదీ లేదు.

ఇప్పుడు నేను వాడుతున్నది అద్దం పనివాడితో కట్టించిన మూడడుగుల సంపు (ఇంటి ముందు నేలలో ఉండేది కాదు, ట్యాంకు కింద పెట్టే గాజు పెట్టె), దాంట్లో ఒక మోటారు, ట్యాంకులో రెండు స్పాంజ్ ఫిల్టర్లు. ఇక్కడా అంకెను నమ్మలేదు. సంపు మోటారు నీటిని నిజంగా పైకి ఎత్తాలి కనుక ఎత్తు పెరిగేకొద్దీ ధార తగ్గుతుంది. డబ్బా మీద రాసిన గరిష్ఠ ఎత్తు దగ్గర అది సున్నా. గంటకు 3000 లీటర్లు అని రాసిన నా మోటారు నాలుగున్నర అడుగులు ఎత్తి 20 లీటర్ల బకెట్ నింపడానికి 50 సెకన్లు తీసుకుంది. అంటే గంటకు 1440 లీటర్లు, నాకు చాలు. కరెంటు పోతే పైపులోంచి వెనక్కి దిగే నీటికి సంపులో ఖాళీ వదిలాను. అప్పుడు స్పాంజి ఫిల్టర్లను చిన్న బ్యాటరీ ఎయిర్ పంపు నడుపుతుంది. కానిస్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. మూసిన డబ్బాలో గంటల తరబడి నీరు నిలిస్తే బాక్టీరియా ఆక్సిజన్ లేక చచ్చి, కరెంటు రాగానే ఆ కుళ్లు నీరే ట్యాంకులోకి వస్తుంది. స్పాంజిని కడిగేటప్పుడు ట్యాంకులోంచి బకెట్‌లోకి తీసిన నీటిలోనే పిండండి. కుళాయి నీటి క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపుతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. వారు అడిగిన మొదటి ప్రశ్న బిల్లు ఉందా అని. నా దగ్గర ఉన్నది పెన్నుతో “ఫిల్టర్ 6500” అని రాసిన చిట్టీ. దాని మీద కొట్టు పేరు కూడా లేదు.