గుట్టల్లో తిప్పడానికి పాత ఆర్‌ఎక్స్ 135: మూడేళ్లు వాడాక

మాది దేవరకొండ. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. వారమంతా రాగి తీగ, వార్నిష్ వాసన. ఆదివారం పొద్దున ఆరు కొట్టేసరికి మాత్రం ట్రాలీ ఆటోలో బండి ఎక్కించుకుని, ఇంకో నలుగురితో కలిసి ఊరవతల గుట్టల దిక్కు పోతాను. బండి అంటే 2001 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 135, నాలుగు గేర్లది. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 24 అనే ఉంటుంది. లైట్లు, ఇండికేటర్లు, చీర గార్డు అన్నీ పీకేశాను, అందుకే రోడ్డు మీద తోలను. మూడేళ్ల కింద మిర్యాలగూడ దగ్గర 46 వేలకు కొన్నాను. ఆ తర్వాత దాని మీద ఎంత పెట్టానో ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

మొన్న ఒక పిలగాడు షాపుకొచ్చి, "అన్నా, నేను గూడ డర్ట్ రేసులకు బండి కొంట, ఆర్‌ఎక్స్ 100 దొరుకుతదా" అన్నాడు. వాడికి చెప్పిందే కొంచెం పద్ధతిగా రాస్తున్నాను.

ముందు ఆ ఆర్‌ఎక్స్ 100 సంగతి. 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల చుట్టూ. మట్టిలో తోలడానికి ఇంతకంటే మంచి లెక్క లేదు, ఒప్పుకుంటాను. కానీ దాని రేటు ఇప్పుడు బండి రేటు కాదు, మోజు రేటు. క్రోమ్ మెరుస్తూ, ట్యాంకు మీద కొత్త స్టిక్కర్లతో ఉన్నది నేను అడిగితే లక్షా పది వేలు చెప్పారు. అంత పెట్టి కొన్నదాన్ని రాళ్ల మీద పడేయడానికి చేతులొస్తాయా? పడేయకుండా ఈ ఆట లేదు. నేను నెలకు నాలుగుసార్లు పడతాను. పడ్డప్పుడల్లా ముందు బండి వంక చూసే మనిషి వేరే హాబీ వెతుక్కోవడం మంచిది.

అందుకే 135. సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 50 నుంచి 58 మిల్లీమీటర్లకు పెంచారు. స్ట్రోక్, అంటే పిస్టన్ ఆడే దూరం, అదే 50. మొత్తం 132 సీసీ. కాగితం మీద తేడా చిన్నదే. కానీ మా దిక్కు గుట్ట ఎక్కేటప్పుడు రెండో గేరులో, సగం థ్రాటిల్‌లో, కింద గులకరాళ్లు జారుతుంటే తెలుస్తుంది. 100 అయితే క్లచ్ కొట్టి లేపాలి. 135 తనే గుంజుకుపోతుంది. అదే ఇంజన్ కుటుంబం, అదే మెకానిక్కులు, మోజు మాత్రం సగమే. 135లోనే అయిదు గేర్లది ఇంకా హుషారు బండి, దాని రేటూ మెల్లగా ఎగబాకుతోంది.

ఇప్పుడు అసలు మాట. అందరూ ఇంజన్ చూసి కొంటారు. కిక్కు కొడతారు, రేస్ చేస్తారు, ఆ చప్పుడుకు మనసు పారేసుకుంటారు. నేనూ అంతే చేసేవాణ్ణి. నల్లగొండలో ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండ్లు, అంటే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాల్చేవి, బాగుచేసే ఒక చాచా ఉన్నాడు, అరవై దాటాయి. మొదటిసారి కలిసినప్పుడు నన్ను ఆపింది ఆయనే. "ఇంజన్ ఎట్లున్నా నేను జేస్త బేటా, చాసీ వంగితే ఎవడు జేస్తడు?"

మా జిల్లాల్లో ఆర్‌ఎక్స్ బండ్లు సగం పాల వ్యాపారంలో అరిగినవే. వెనక రెండు పక్కలా క్యాన్లు, ఎప్పుడన్నా మధ్యలో ఇంకొకటి. పదేళ్లు ఆ బరువు మోసిన చాసీ పైకి కొత్త పెయింటుతో కళకళలాడుతుంది. నేను మొదట చూసిన 135 అట్లాంటిదే. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చూశాను, ఎర్రగా భలే ఉంది. చాచా ట్యాంకు విప్పించాడు. హ్యాండిల్ మెడ కింద, పైపులు కలిసే చోట, పెయింటు సన్నగా ముడత పడి ఉంది. గోటితో గీకితే పుట్టీ రాలింది. కింద వెల్డింగు కుట్టు. ముందు నుంచి ఎక్కడో గట్టిగా గుద్దిన బండి అది.

తర్వాత, చాసీ వంగిందో లేదో చూసే దారం పరీక్ష. ఇది మీరూ చేయొచ్చు, పది రూపాయల నూలు దారం చాలు. బండి సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనక టైరు చుట్టూ వీలైనంత కింద దారం తిప్పి, రెండు కొసలూ ముందు చక్రం దాకా బిర్రుగా లాగాలి. హ్యాండిల్ నిటారుగా పట్టుకోవాలి. వెనక టైరు కొంచెం లావు కాబట్టి ముందు టైరుకు, దారానికి మధ్య రెండు పక్కలా సందు కనపడుతుంది. ఆ సందులు రెండూ సమానంగా ఉండాలి. ఎర్ర బండికి ఎడమ పక్క వేలు దూరింది, కుడి పక్క దారం టైరును రాసుకుంటోంది. చైన్ అడ్జస్టర్ రెండు పక్కలా గీతల మీదికి తెచ్చి మళ్లీ చూశాం, అయినా అదే తేడా. బండి తెచ్చినాయన "రోడ్డు మీద చేతులిడిసినా పోతది సార్" అన్నాడు. పోతుందేమో. నాకు కావాల్సింది రోడ్డు మీద కాదు.

మిర్యాలగూడలో దొరికినది చూడ్డానికి దరిద్రంగా ఉంది. సీటు చిరిగి, సైలెన్సర్ తుప్పు పట్టి, ఇంజన్ గురక పెడుతోంది. దారం మాత్రం రెండు పక్కలా ఒకేలా నిలబడింది. అక్కడే బేరం కుదిరింది.

ఇంజన్‌లో చూడాల్సినవి ఉన్నాయి, లేవని కాదు. మాగ్నెట్ కవర్ విప్పి, లోపల తిరిగే చక్రాన్ని, అంటే రోటర్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. కొంచెం ఆడినా క్రాంకు బేరింగులు అయిపోయినట్టే. వేడెక్కాక స్లోలో పెట్టి చూడండి. థ్రాటిల్ ముట్టకుండానే ఇంజన్ తనంతట తాను లేస్తుంటే, మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు గాలి పీలుస్తోందని అనుమానించాలి. గాలి ఎక్కువైతే వేడి, వేడి ఎక్కువైతే పిస్టన్ గోవింద. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, గేర్ ఆయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు సీలు పోయింది. సీళ్లు చవకే, కానీ వాటి కోసం ఇంజన్ దించి రెండు ముక్కలు చేయాలి. ఇంకోటి, లోపల ఏ సైజు పిస్టన్ ఉందో అడగండి. స్టాండర్డా, 50 పిస్టనా (అర మిల్లీమీటరు పెద్దది), 100 పిస్టనా (ఒక మిల్లీమీటరు పెద్దది) అని. చివరి సైజుకు వచ్చిందంటే తర్వాత సిలిండర్ లోపల కొత్త గొట్టం, అంటే స్లీవు కొట్టించడమే.

నా బండికి బోరు పని హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌లో చేయించాను, మెరిసే బోర్డు చూసి. తెచ్చుకున్న నాలుగో రోజు డిండి రోడ్డు మీద, అప్పటికింకా లైట్లు ఉన్నాయి, అరవై మీద పోతున్నాను. ఇంజన్ శబ్దం ఒక్క క్షణం బరువెక్కినట్టయింది. ఏంటా అనుకునేలోపు వెనక చక్రం బిగుసుకుని కీచుమంటూ అడ్డంగా జారింది. క్లచ్ ఎప్పుడు పట్టానో నాకే తెలియదు. రోడ్డు పక్క కంకర మీద ఆగాను. చేతులు వణుకుతున్నాయి, ఆ టెన్షన్‌లో హెల్మెట్ బకిల్ తీయడానికి రాలేదు. సీజ్, అంటే పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది. వర్క్‌షాప్‌కు ఫోన్ చేస్తే "రన్నింగ్ పీరియడ్ చూసుకోకుండా తోలినవ్" అన్నారు. నలభై దాటకుండానే మూడు రోజులు తోలాను, నాలుగో రోజు ఒక్కసారి అరవై. పెట్టిన 4,800 పోయింది.

చాచా విప్పి చూశాడు. సిలిండర్ గోడకు పిస్టన్ అల్యూమినియం గోరింటాకు పూసినట్టు అంటుకుని ఉంది. తిట్టలేదు, నవ్వలేదు. 50 పిస్టన్ కొత్తది తెప్పించి, దగ్గరుండి బోరు కొట్టించి, పిస్టన్‌ను బోరులో పెట్టి పక్కన సందు కొలిచే సన్న రేకు, ఫీలర్ గేజ్ ఆకు దూర్చి నా చేతికిచ్చాడు, నువ్వే లాగి చూడు అని. బిగువుగా, కానీ పట్టేయకుండా వచ్చింది. వర్క్‌షాప్ వాళ్లు ఆ సందు ఇవ్వలేదు, అంతే విషయం. ఆ పిస్టన్ రెండేళ్ల నుంచి నడుస్తోంది. ఆయిల్ పంపు తీసేసి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ టీ (టూ స్ట్రోక్) ఆయిల్ నేనే కలుపుతున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి, రెండు వారాలు తోలకపోతే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి. రబ్బర్లు ఉబ్బి, జెట్ మూసుకుపోయాక నన్ను అడగొద్దు.

సస్పెన్షన్ ఈ బండికి పెద్ద లోటు, దాచను. అమెరికాలో పాత బండ్ల మోటోక్రాస్‌కు, అంటే మట్టి ట్రాక్ రేసుకు, ప్రత్యేకంగా పోటీలే ఉన్నాయి. 1973 హోండా ఎల్సినోర్ లాంటి బండ్లు వాటిలో పరుగెత్తుతాయి. 1975లో యమహా వైజెడ్ వెనక ఒకే షాక్‌తో వచ్చాక చక్రాలు ఆడే దూరం ఏటేటా పెరిగిపోయింది. అందుకని అక్కడి పాత తరగతులకు ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలు మించి ఆడకూడదని రూలు పెట్టుకున్నారు. మా ఆర్‌ఎక్స్‌కు ఆ రూలు అక్కర్లేదు, పాలు పోయడానికి పుట్టిన సస్పెన్షన్ అది. ముందు ఫోర్కుల్లో స్ప్రింగు మీద అంగుళం పీవీసీ పైపు ముక్క పెట్టాను. నా షాపులో కొదవ లేని సరుకు. చిక్కటి ఆయిల్ పోశాను. గట్టు దూకినప్పుడు ఇదివరకట్లా ఠప్పున కొట్టుకోదు, అంతవరకే. నడుము మాత్రం సోమవారం లెక్క చెబుతుంది.

టైర్లు బటన్ టైర్లే, అంటే పెద్ద గుబ్బలున్నవే వేయాలి. మా చల్క నేలల్లో, పైన దుబ్బ కింద గట్టి మొరం, మామూలు టైరు జారుతుంది. రేగడిలో వాన పడ్డాక ఏ టైరూ పనికిరాదు, ఇంట్లో పడుకోండి. సర్కారు తుమ్మ ముండ్లకు మాత్రం మందు లేదు. ఒక ట్యూబు, రెండు టైర్ లివర్లు, చేతి పంపు లేకుండా బయలుదేరితే చందంపేట దిక్కు ఎండలో బండి తోసుకుంటూ మీ తప్పులన్నీ గుర్తు చేసుకుంటారు.

గుట్టలు అన్నాను కదా అని నల్లమల అడవి అనుకోకండి. అటు అచ్చంపేట వైపు, ఇటు మా చందంపేట వైపు ఉన్న అడవిలో చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందులోకి బండ్లు వేసుకుపోవడం నేరం, పైగా పాపం. మేం తోలేది పట్టా భూముల్లో, అడిగి. ఎండిన వాగు, గుట్ట చుట్టూ గొర్ల బాట, తుమ్మల సందు. పంట లేని నెలల్లో రైతు కాదనడు, మోటార్ రిపేరుకు నేను కాదననట్టే.

వేరే బండ్లు కూడా తోలి చూశాను. యెజ్దీ రోడ్‌కింగ్ 250 సీసీ, చప్పుడు రాజసం, కానీ మెత్తటి దుబ్బలో ఒకసారి కాలి మీద పడితే ఇద్దరు లేపారు. సుజుకి షోగన్ 108 సీసీ, ఇంజన్ వేగంగా తిరిగితే పిచ్చి గుర్రం, మెల్లగా తిరిగితే ఊపిరి లేదు, గుట్టకు నప్పదు. సామాన్లు వెతకడమే ఒక రేసు. రాజ్‌దూత్ 350 గురించి అడిగితే మాత్రం, దాన్ని ఎవరికన్నా అమ్మి ఆ డబ్బుతో మూడు బండ్లు కొనుక్కోండి.

గట్టి పోటీ ఇచ్చేది హీరో ఇంపల్స్ ఒక్కటే. 2011లో వచ్చింది, 150 సీసీ ఫోర్ స్ట్రోక్, 134 కిలోలు. మన దేశంలో ఆ రోజుల్లో ముందు 19, వెనక 17 అంగుళాల చక్రాలతో, పొడుగు ఫోర్కులతో అంత చవకగా ఇంకో బండి లేదు. పెద్దగా అమ్ముడుపోలేదు, ఆపేశారు. మా గుంపులో మహబూబ్‌నగర్ నుంచి వచ్చే సారు దగ్గర ఉంది. రాళ్ల వాగులో ఆయన కూర్చునే పోతాడు, నేను నిలబడి ఎగురుకుంటూ వెనక పడతాను. గంట దాటే రైడ్ అయితే ఆయనే ముందు. పొట్టి ట్రాక్ మీద, మూల మూలకు క్లచ్ కొట్టి లేవాల్సిన చోట నేను. ఇంజన్ మామూలు 150 కాబట్టి ఎక్కడైనా బాగవుతుంది, ప్లాస్టిక్ సామాను విరిగితేనే తిప్పలు. నిజం చెప్పాలంటే, మొదటి బండి కొనేవాళ్లకు, మెకానిక్ పని మీద మోజు లేనివాళ్లకు ఇంపల్సే నయం. పాతది అక్కర్లేదనుకుంటే 2019 నుంచి ఎక్స్‌పల్స్ 200 ఉంది, దాని గురించి రాసేవాళ్లు బోలెడు.

కాగితాలు. బండి పదిహేనేళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. ఇంజన్ నంబరు, చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆర్‌సీతో సరిపోల్చండి. "మట్టిలో తోలేదానికి కాగితాలెందుకన్నా" అని ఆ పిలగాడు అన్నాడు. ట్రాలీ ఆటోను ఎస్‌ఐ ఆపితే అప్పుడు తెలుస్తుంది ఎందుకో.

పోయిన ఆదివారం వాడితో కల్వకుర్తి పోయాను. నీలం రంగు 135, ఇంజన్ గడియారంలా ఉంది, వాడి కళ్లు అప్పుడే మెరుస్తున్నాయి. నేను జేబులోంచి దారపుండ తీసి వెనక చక్రానికి చుట్టాను. కుడి పక్క రెండు వేళ్లు. వాడు కాసేపు ఆ సందు వంకే చూసి, అమ్మేవాళ్లకు నమస్తే చెప్పి, "చాయ్ తాగుదామా అన్నా" అన్నాడు.