గోపాల్‌పూర్ తీరంలో గాలిపటాల ఫొటోలు: అద్దె లెన్సుతో వెళ్లేవాళ్లకు

సంక్రాంతి సెలవుల్లో గాలిపటాలు, కెమెరా రెండూ పట్టుకుని ఒడిశాలోని గంజాం తీరానికి వెళ్లాలనుకుంటే గోపాల్‌పూర్‌కే వెళ్లండి. బరంపురం స్టేషన్ నుంచి పదిహేను, పదహారు కిలోమీటర్లు. బరంపురంలో తెలుగుతో పని జరిగిపోతుంది. ఆటో మాత్రం రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, చీకటి పడ్డాక బీచ్ దగ్గర బేరం మన చేతిలో ఉండదు.

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు బాహుదా నది కలిసే చోటున్న సోనాపూర్ బీచ్ దగ్గరవుతుంది. జనం పలచన, ఇసుక విశాలం. నీళ్లు, తిండి మాత్రం వెంట తెచ్చుకోవాలి. చిలికా సరస్సు ఒడ్డునున్న రంభలో మాత్రం గాలిపటం ఎగరేయొద్దు. చలికాలంలో చిలికా నిండా వలస పక్షులుంటాయి, దారం రెక్కకు చుట్టుకుంటే పక్షి బతకదు. అయితే లెన్సు చేతికి అలవాటు కావడానికి రంభ మంచి బడి. ముందురోజు అక్కడ గద్దల మీద, గల్ పక్షుల మీద రెండు గంటలు సాధన చేస్తే గోపాల్‌పూర్‌లో తడుముకోరు.

ఇలాంటి పనికి ఎక్కువమంది అద్దెకు తీసుకునేది 150–600 లెన్సు, అంటే 150 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యేది. బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. తీసుకునేటప్పుడే జూమ్ రింగు ఎటు తిరుగుతుందో చూడండి. సిగ్మాది కెనాన్ లెన్సుల దారిలో, టామ్రాన్‌ది నికాన్ దారిలో తిరుగుతుంది. అలవాటు లేని చెయ్యి సరిగ్గా దారం తెగే క్షణంలోనే రింగును వెనక్కి తిప్పేస్తుంది. పక్కనున్న ఫోకస్ స్విచ్‌ను 10 మీటర్ల నుంచి అనంతం దాకా ఉన్న గుర్తుకు మార్చండి. లేకపోతే ఖాళీ ఆకాశంలో పట్టు దొరక్క ఫోకస్ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటుంది.

600 దగ్గర ఫుల్‌ఫ్రేమ్ (36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాకు అరవై మీటర్ల దూరంలో కనిపించే వెడల్పు 3.6 మీటర్లే. అరమీటరు గాలిపటం అందులో ఏడో వంతు. నేరుగా 600తో వెతికితే దొరకదు. 150 దగ్గర పట్టుకుని, ఫోకస్ నిలిచాక 600 వైపు జూమ్ చేయండి. షట్టర్ 1/2000, అపర్చర్ 6.3, ఐఎస్‌ఓ ఆటో. ఆకాశపు వెలుగుకు గాలిపటం నల్లబడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి.

సమయం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు. సముద్రపు గాలి ఒడ్డుకు వీస్తుంటే గాలిపటాలు ఊరివైపు లేస్తాయి. నీటి అంచున ఊరివైపు తిరిగి నిలబడితే వాలిన ఎండ ఎడమ పక్క నుంచి పడుతుంది. కాగితం దీపంలా వెలుగుతుంది, వెనక సరుగుడు చెట్ల నీడ పడితే దారం కూడా వెండితీగలా కనిపిస్తుంది. రెండు దారాలు ఒరుసుకునే చోట గాజుపొడి తళుక్కుమనడం అప్పుడే చూడగలం. తెగే ముందు చూడాల్సింది ఆకాశాన్ని కాదు, ఎగరేసేవాడి చేతిని. దారం ఒక్కసారిగా వదిలినా, గట్టిగా లాగినా వెంటనే బర్స్ట్ (ఆగకుండా వరస ఫొటోలు) మొదలుపెట్టండి. తెగిన గాలిపటం ముందు వెల్లకిలా వాలుతుంది, దారం పొట్టలా వంగుతుంది. నైలాన్ మాంజా (గాలిపటం దారం) జోలికి పోవద్దు. పక్షుల ప్రాణాలు, మనుషుల గొంతులు తీస్తుందనే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది.

నడిమధ్యాహ్నం తీసిన ఫొటోలు మసకగా వస్తే లెన్సును అనుమానించకండి. వేడెక్కిన ఇసుక మీద గాలి అలల్లా కదులుతుంది, దూరపు వస్తువు అంచులు చెదిరిపోతాయి. సాయంత్రం మళ్లీ తీసి చూడండి.

బసకు ఒడిశా టూరిజం వారి అతిథి గృహం పాంథనివాస్‌ సముద్రానికి దగ్గర, పండక్కి ముందే బుక్ చేసుకోవాలి. బరంపురంలో ఉంటే భోజనం, ఊరగాయలు, అప్పడాలు బాగా దొరుకుతాయి గానీ సాయంత్రపు వెలుగు కోసం రోజూ అటూ ఇటూ తిరగాలి. ఫొటోలే ముఖ్యమైతే బీచ్ పక్కనే దిగండి. ఏసీ గదిలోంచి తీసిన లెన్సును అరగంట బ్యాగులోనే ఉంచాలి, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది.

రాత్రి గదికి రాగానే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేయండి, ఆ తర్వాతే కాస్త తడి గుడ్డతో ఉప్పు తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. జూమ్ తిప్పుతుంటే కరకరమని వినిపిస్తే అక్కడే ఆపి, లెన్సును తలకిందులుగా పట్టుకుని రింగు చుట్టూ మళ్లీ ఊదండి.