లౌబర్‌హార్న్ స్కీ రేసు: ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ చూసినంత

రైల్వేలో 34 ఏళ్లు చేశాను. 2003 గోదావరి పుష్కరాలకు డెప్యుటేషన్ మీద వచ్చి, 2015 పుష్కరాలకు అక్కడే పోస్టింగులో ఉండి, రెండుసార్లూ రాజమండ్రి ప్లాట్‌ఫాం మీద డ్యూటీ చేశాను. 2015 జూలై 14 ఉదయం ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. అప్పటినుంచీ పెద్ద గుంపు ఎక్కడ కనిపించినా నా కళ్లు ముందు బయటికి పోయే దారి వెతుక్కుంటాయి. స్కీయింగ్ గురించి నాకు తెలియదు. జనాన్ని బండెక్కించడం, దించడం తెలుసు. ఆ కళ్లతో చూసిందే ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఉంటుంది. "నాన్నా, ఇక్కడ చలికాలంలో దేశం దేశమంతా టీవీ ముందు కూర్చునే రేసు ఒకటుంది, చూద్దువుగాని" అని టికెట్లు ముందే కొని పెట్టింది. 2025 జనవరి 18, శనివారం. అదే లౌబర్‌హార్న్ రేసు, పేరు అక్కడి కొండది. మేము వెళ్లింది డౌన్‌హిల్ రోజు, అంటే కొండ పైనుంచి కిందికి స్కీల మీద ఎవరు తొందరగా జారితే వాళ్లు గెలిచే పోటీ రోజు.

ఊరి పేరు వెంగెన్. కొండకి అరుగు కట్టినట్టు ఉంటుంది. కార్లు రావు, రోడ్డే లేదు. ఉన్న జనం దాదాపు 1300. ఆ శనివారం ఒక్కరోజే వచ్చేవాళ్లు 30 వేలకు పైనే. వాళ్లు పైకి రావడానికి ముఖ్యమైన దారి 1893లో వేసిన చిన్న రైలు మార్గం. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 800 మిల్లీమీటర్లు. రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనప పట్టీ ఉంటుంది, ఇంజను కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మన ఊటీ బండి కూడా మెట్టుపాలెం దాటాక కల్లార్ నుంచి కూనూరు దాకా ఇలాగే ఎక్కుతుంది. అక్కడ ఎక్కువలో ఎక్కువ 12కి 1 వాలు, అంటే 12 అడుగులు పోతే 1 అడుగు ఎక్కుతుంది. ఇక్కడ 4కి 1. రెండూ ఎక్కినవాణ్ని గనక చెబుతున్నాను, ఇక్కడ సీటులో వెనక్కి ఒరిగిపోతాం.

రేసు చరిత్ర నాకు ఎందుకు నచ్చిందంటే, అందులోనూ రైలే ఉంది. చలికాలంలో కూడా బళ్లు నడపడం మొదలయ్యాక ఇంగ్లిషు వాళ్లు రైలెక్కి పైకి పోయి, స్కీల మీద కిందికి జారుతూ వచ్చేవారు. 1925లో వాళ్లు ఇక్కడ పెట్టుకున్న క్లబ్బు పేరే 'డౌన్‌హిల్ ఓన్లీ'. ఎక్కే కష్టం రైలుది, దిగే ఆనందం వాళ్లది. అది చూసి ఎర్న్‌స్ట్ గెర్ట్ష్ అనే ఊరి కుర్రాడు తమ స్విస్ వాళ్లూ వీళ్లకు తీసిపోరని చూపించాలని 1930లో లౌబర్‌హార్న్ రేసు మొదలుపెట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయనే నడిపాడు, ఆయన తర్వాత కొడుకు విక్టర్ చాలాకాలం నడిపాడు. 1967లో స్కీ ప్రపంచ కప్ పోటీలు పుట్టినప్పటి నుంచీ ఇది అందులో ఉంది. అంత పెద్ద పోటీని ఇప్పటికీ ఒక పల్లెటూరు కమిటీయే చూసుకుంటోంది. సైన్యం నుంచీ, పౌర రక్షణ దళం నుంచీ మనుషులు వచ్చి మంచు సర్దడంలో, పడినవాళ్లను ఆపే వలలు కట్టడంలో సాయం చేస్తారు.

అయితే ఇదంతా సులువుగా సాగుతోందనుకోకండి. 2020లో ఈ కమిటీకీ, స్విస్ స్కీ సమాఖ్యకీ డబ్బు దగ్గర పెద్ద గొడవ వచ్చింది. సమాఖ్య రాబోయే క్యాలెండర్లోంచి వెంగెన్ పేరే తీసేసింది. మధ్యవర్తులు కూర్చుంటే గానీ తేలలేదు. ఊళ్లో వాళ్లకు అది ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మమ్మగారి ఊళ్లో తీర్థం ఒక ఏడాది ఆగిపోతుందని మాట వస్తేనే ఇళ్లలో అన్నం సహించలేదు.

ఇక ఆ రోజు సంగతి. తెల్లవారకముందే బయల్దేరి ఇంటర్‌లాకెన్, అక్కడి నుంచి లౌటర్‌బ్రునెన్. అక్కడ బండి మారాలి. ప్లాట్‌ఫాం నిండా జనం, మెడల్లో ఆవు గంటలు, చేతుల్లో జెండాలు. నాకు గుండె దడ మొదలైంది. తీరా చూస్తే తోపులాట లేదు. తాళ్లు కట్టి జనాన్ని భాగాలుగా విడదీశారు. ఒక్కో భాగంలో ఒక బండికి సరిపడా మనుషులే. ముందు బండి కదిలాకే తర్వాతి తాడు తీస్తారు. మేము హోల్డింగ్ ఏరియా అని కాగితాల మీద గీసుకున్నది ఇదే. ఇక్కడ దాన్ని నలుగురు మనుషులూ నాలుగు తాళ్లూ చేస్తున్నాయి.

ఇంకోటి చూసి నేను నమ్మలేకపోయాను. ఒక బండి వెళ్లిన కాసేపటికే, అది ఇంకా కనిపిస్తుండగానే, దాని వెనకే రెండో బండి, దాని వెనక మూడోది. మన బ్లాక్ పద్ధతిలో ముందు బండి అవతలి స్టేషన్ చేరందే రెండోదానికి లైన్ క్లియర్, అంటే కదలమనే అనుమతి, ఇవ్వం. ఇక్కడ వేగం తక్కువ, పళ్ల పట్టా మీద బ్రేకు గట్టిది. అందుకని డ్రైవర్ ముందు బండిని కళ్లతో చూసుకుంటూ నడుపుతాడు. ఆ రోజంతా ఆ 30 వేల మందిలో చాలామందిని మోసింది ఈ చిన్న ఏర్పాటే. టికెట్ డబ్బుకు నాకు ఇక్కడే సగం ముట్టింది.

మేము వెంగెన్‌లో దిగకుండా పైన 2061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్ దాకా పోయి, అక్కణ్ణుంచి మంచులో నడిచి హుండ్‌షాప్ఫ్ అనే చోటికి చేరాం. కుక్క తల అని అర్థం. రెండు రాళ్ల మధ్య సందు, దాని ముందు నేల ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. ఆ సందులోంచి దూకాలి. మొదట చప్పుడు వినిపిస్తుంది. కొత్త కత్తిని సాన మీద పెట్టినట్టు బర్రుమని ఒక గీత. ఆ వెంటనే రాళ్ల మధ్య మనిషి, గాల్లో మోకాళ్లు గుండెకి ఆనించుకుని, కింద స్కీలు రెండూ వణుకుతూ. నేను రెప్ప వేసేలోగా మంచు మీద నీలం రంగు గీత దాటి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరి మధ్యా కోర్సు వాళ్లు స్కీలు అడ్డంగా పెట్టి జారుతూ, లేచిన మంచు పొడిని పక్కకి నెట్టేస్తారు. బండి వెళ్లాక గ్యాంగ్‌మన్ పట్టా చూసినట్టు. వాళ్లనే ఎక్కువసేపు చూశాను.

ఇది ప్రపంచ కప్‌లో అన్నిటికన్నా పొడవైన డౌన్‌హిల్. దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. 2315 మీటర్ల దగ్గర మొదలై 1287 దగ్గర ఆగుతుంది. రెండున్నర నిమిషాలు పడుతుంది, మిగతా చోట్ల చాలావరకు రెండు నిమిషాల లోపే అయిపోతుందట. కింద హానెగ్‌షుస్ అనే చోట 2013లో ఫ్రెంచి అతను యోహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మలుపులకు పెట్టిన పేర్లలో కొన్ని పడ్డవాళ్లవే. మిన్ష్‌కాంటె అంటే యోస్ మిన్ష్ పడ్డ అంచు. కెనడియన్ కార్నర్ 1976లో ఇద్దరు కెనడా వాళ్లు పడ్డ చోటు. గెలిచినవాళ్ల పేర్లు పలక మీద ఉంటాయి, పడ్డవాళ్ల పేర్లు కొండ మీద ఉన్నాయి.

మధ్యలో వాసర్‌స్టాసియోన్ దగ్గర స్కీయర్లు రైలు పట్టాల కింద నుంచి దూరిపోతారు. పేరుకి అర్థం నీళ్ల స్టేషన్. ఆవిరి ఇంజన్లు నీళ్లు పట్టుకున్న చోటు. పైన బండి, కింద రేసు. ఇలాంటిది ఇంకే రేసులోనూ ఉన్నట్టు నేను వినలేదు. దిగేటప్పుడు బండి ఆ చోటు దాటుతుంటే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూపించాను.

భద్రత గురించి ఒక్క మాట. 1991 జనవరిలో గెర్నోట్ రైన్‌స్టాడ్లర్ అనే ఆస్ట్రియా కుర్రాడు గమ్యం ముందరి ఆఖరి మలుపులో పడ్డాడు. స్కీ వలలో చిక్కుకుంది. ప్రాణం దక్కలేదు. 20 ఏళ్లు. ఆ ఏడాది రేసు రద్దు చేశారు. తర్వాత వలలూ ఆ మలుపూ మార్చారు. అయినా 2024లో అదే చోట నార్వే ఛాంపియన్ కిల్డె పడి బాగా దెబ్బలు తగిలించుకున్నాడు. రెండున్నర నిమిషాలు తొడలు మండాక వచ్చే మలుపు అది. అక్కడ అలసటే ప్రమాదం. నైట్ డ్యూటీ చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

మేము చూసిన రోజు గెలిచింది మార్కో ఓడర్‌మాట్, వెంగెన్ డౌన్‌హిల్‌లో అతనికి మూడో గెలుపు. రెండోవాడు ఫ్రాంయో ఫాన్ ఆల్మెన్. ఇద్దరూ స్విస్ వాళ్లే. కొండ మీది గంటలన్నీ ఒక్కసారి మోగాయి. దాన్ని టీవీలో వినలేరు.

వెళ్లాలనుకునేవాళ్లు గమ్యం దగ్గరి స్టాండు కోసం తాపత్రయపడకండి. అక్కడ పెద్ద తెర ఉంటుంది, బీరూ ఎక్కువే, పిల్లలతో ఇబ్బంది. నడవగలిగితే పైన కొండవాలే మేలు. బూట్లకు తగిలించే ఇనప ముళ్ల పట్టీలు మాత్రం కొనుక్కోండి. నేను ఒక షాపులో అద్దెకు తీసుకుంటే సగం దారిలో రబ్బరు తెగింది, దిగువకి మా అల్లుడి భుజం పట్టుకుని దిగాల్సి వచ్చింది. తిరిగి ఇస్తే డిపాజిట్లో కోత కూడా వేశారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. కూరగాయల తిండి దొరకడం కష్టం. బంగాళాదుంపల రోష్టి, కరిగించిన చీజు ఉంటాయి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర మంచులో చల్లబడి మెతుకు మెతుకూ విడిపోయింది. అయినా అదే తిన్నాం. ఫ్లాస్కులో టీ తప్పనిసరి. మోకాలి నొప్పులున్న పెద్దవాళ్లు వెంగెన్‌లోనే ఆగిపోండి.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. మన జనం ముందు 30 వేలు లెక్కలోకి రాదని నాకూ తెలుసు. కానీ ఆ తాళ్ల పద్ధతి ఫోటోలు తీసి, డ్యూటీలో ఉన్న మా జూనియర్లకు పంపాను.

సాయంత్రం తిరుగు బండి కోసం వెంగెన్‌లో తాడు వెనక నిలబడ్డాం. ముందు నారింజ రంగు కోటు వేసుకున్న అతను ఒక్కొక్కర్నీ వేలితో లెక్కపెట్టి వదులుతున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. బండి నిండింది. అమ్మాయి జర్మన్‌లో చెప్పింది, మా నాన్న స్టేషన్ మాస్టరని. అతను గ్లవ్ తీసి చెయ్యి కలిపి, మీ దగ్గర పళ్ల పట్టా ఉందా అని అడిగాడు. ఉంది, ఊటీకి అన్నాను. అంతలో వెనక బండి వచ్చేసింది, తాడు తీశాడు.